లోపలికి వెళ్ళకుండా పెట్టిన సంతకం

ఇంట్లోంచే ఏదైనా మొదలుపెడదామని ఈమధ్య నా దగ్గరికి చాలామంది పిల్లలు వస్తున్నారు. ముప్పై ఏళ్ళ వాళ్ళు కూడా నాకు పిల్లలే. ఒకరు చిరుధాన్యాల లడ్డూలంటారు, ఒకరు కొవ్వొత్తులంటారు. ఇక్కడ ఢిల్లీలో, కట్వారియా సరాయ్‌లో సివిల్స్‌కి చదివి చదివి విసిగిపోయిన ఒకమ్మాయి తోటివాళ్ళకు పప్పన్నం వండి పెడతానంటుంది. "ఆంటీ, మీరు ఉద్యోగమంతా ఇదే చేశారు కదా, మా ఐడియా ఎలా ఉందో చెప్పండి" అంటారు. నేను చెప్పను. ముందు ఇల్లు చూపించమంటాను. వీడియో కాల్‌లో చూపిస్తామంటారు. అది చాలదని ఎందుకంటానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇన్నేళ్ళూ రాయకపోవడం బద్ధకం వల్ల కాదు. భయం వల్ల.

నేను పనిచేసింది దక్షిణ ఢిల్లీలో ఒక చిన్న ఆఫీసులో. ఇంటి దగ్గరే వ్యాపారం పెట్టుకోవాలనుకునే ఆడవాళ్ళ ఆలోచనలను ముందుగా పరిశీలించి, ఇది నడుస్తుంది, ఇది నడవదు అని తేల్చడం మా పని. మేం సంతకం పెడితే శిక్షణ దొరికేది, కొంత సామాను దొరికేది. అన్నిటికన్నా ముఖ్యంగా, చుట్టుపక్కలవాళ్ళ నమ్మకం దొరికేది. మా ఫారంలో రెండు గడులుండేవి. ఎడమవైపు అనుకూలాలు, కుడివైపు ప్రతికూలాలు. అట్టడుగున ఒక ప్రశ్న: ఇల్లంతా చూశారా? దాని పక్కన మా సంతకం. అంతా బాగుందనుకుంటే ఆఖర్న ఒక ట్రయల్ రోజు. ఆ పూట ఇంట్లో వ్యాపారం నిజంగా నడుస్తున్నట్టే నడపాలి, మేం ఒక మూల కూర్చుని చూడాలి.

మా ఆఫీసులో నేనొక్కదాన్నే తెలుగుదాన్ని కాబట్టి మనవాళ్ళ కేసులన్నీ నాకే వచ్చేవి. మనవాళ్ళ కేసుల్లో ఒక ఇబ్బంది ఉంది. ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తాగుతారంటారు గానీ, మనవాళ్ళు తాగి ఊరుకోరు, మొహమాటానికి బాగుందని కూడా అంటారు. "మీరు మొదలుపెట్టండి, మేం తప్పకుండా తీసుకుంటాం" అన్న ఇరవైమందిలో ఇద్దరు కూడా తర్వాత గుమ్మం తొక్కరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఎదుటివాళ్ళ మొహమాటాన్ని లెక్కలోంచి తీసేయడంలో నేను ఆరితేరాను. నా మొహమాటం సంగతే మర్చిపోయాను.

మా సీనియర్ ఒకాయన ఉండేవాడు. హర్యానా మనిషి, పెద్ద మీసాలు, పెద్ద గొంతు. ఎవరింటికి పరిశీలనకు వెళ్ళినా గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "భాభీజీ, బాత్రూమ్ కిధర్ హై?" అనేవాడు. మంచినీళ్ళు కూడా ముట్టుకోకముందే. నేను కొత్తల్లో ఆయన వెంట వెళ్ళినప్పుడు సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆఫీసులో అందరం ఆయన్ని ఏడిపించేవాళ్ళం, వెళ్ళి షుగర్ పరీక్ష చేయించుకోమని. ఆయన మీసాల్లోంచి నవ్వి ఊరుకునేవాడు. నాతో మాత్రం ఒకటి రెండుసార్లు అన్నాడు. "మేడమ్‌జీ, పహలే ఘర్ దేఖో. ఫారమ్ తో బాద్ మే భీ భర్ జాయేగా." ముందు ఇల్లు చూడు, ఫారం తర్వాతైనా నిండుతుందని. అచ్ఛా అన్నాను. అక్కడితో వదిలేశాను.

ఆ కేసు ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్లలోది. ఆమెది కరీంనగర్ వైపు. నలభై దాటి ఉంటాయి. భర్త ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. రిటైరవడానికి ఇంకా ఏళ్ళుండగానే పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. మనిషిని వదిలి ఆమె గడప దాటే వీలు లేదు. గడప దాటకుండానే ఏదో ఒక ఆదరువు చూసుకోవాలి. ఉద్యోగాలకు వెళ్ళే తల్లుల పిల్లలను పగటిపూట చూసుకుంటానని మా ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకుంది.

"నలుగురు పిల్లలను పొద్దంత జూసుకునుడు నాకు కష్టం గాదు మేడమ్. పిల్లలంటే నాకు పానం" అంది మొదటిసారి నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు. "ఆయన్ని ఇడిసిపెట్టి నేను యాడికి పోలేను. ఇంట్లకెల్లే ఏదన్న జేసుకోవాలె. ఇది గూడ గాదంటే నాకు ఇంకో తొవ్వ లేదు."

నాకు ఆమె ఎంతగానో నచ్చింది. పరిశీలనకు వెళ్ళిన మనిషికి ఇంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు.

ముందుగదిలో కూర్చోబెట్టి వేడివేడి సర్వపిండి, చాయ్ పెట్టింది. గది అద్దంలా ఉంది. కింది అంతస్తు, మెట్ల భయం లేదు. వీధి తలుపుకు జాలీ తలుపు, దానికి పైన గడియ. వెలుతురు బాగా వస్తోంది. నీళ్ళ సంగతి అడిగాను.

"నీళ్ళ రంది లేదు మేడమ్. పొద్దున, సాయంత్రం నల్లా వస్తది. బాత్రూంల పెద్ద డ్రమ్ము ఉన్నది, నిండ నింపి పెడత. పిల్లలకు ఎన్నిసార్లు కడిగినా ఒడువదు."

ఢిల్లీలో నీళ్ళ కష్టం తెలిసినదాన్ని కాబట్టి, నాకది బంగారంలాంటి మాట. అనుకూలాల గడిలో మొదటి వరుసలోనే రాసుకున్నాను: నీళ్ళు పుష్కలం, పెద్ద డ్రమ్ము ఉంది.

లోపలి గదికి తెర వేసి ఉంది. తెర వెనక దగ్గు వినిపించింది. నేను లేవబోయాను. ఆమె ముఖం చిన్నబోయింది. "ఆయనకు బట్టలు మార్చాలె మేడమ్... మీరు ఏమనుకోకుండ్రి" అంది. నేను వెంటనే కూర్చున్నాను. "అయ్యో, పరవాలేదమ్మా, నేనిక్కడే కూర్చుంటా" అన్నాను. మంచంలో ఉన్న మగమనిషి, అన్నీ మంచంలోనే అయిపోతున్న మనిషి. ఆ గది దాటి స్నానాలగది చూపించమని ఏ నోటితో అడగను? మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దలు ఒక మోటు సామెతలో చెప్పారు. అది అచ్చులో రాయలేను గానీ, నాకు జరిగింది దానికేమీ తీసిపోదు.

ప్రతికూలాల గడి ఖాళీగా ఉంటే బాగుండదని ఒక్క మాట రాశాను: ఇంట్లో మంచం పట్టిన రోగి ఉన్నారు. ఇల్లంతా చూశారా అన్న చోట, చూశాను అని రాసి సంతకం పెట్టాను.

ట్రయల్ రోజు ఒక శనివారం. ఆ బ్లాకుల్లో ఉండే నలుగురు తల్లులు ఒంటిగంట దాకా పిల్లలను అప్పగించి వెళ్ళారు. అందులో ఒకామె విజయవాడ అమ్మాయి, గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారం కూడా ఆఫీసు ఉందిట. ఆమె పాపకు రెండున్నరేళ్ళు. పసుపురంగు గౌను, కాళ్ళకు మువ్వలు. తెలుగులో ఏం చెప్పినా అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలో చెప్పేది. చేతిలో ఒక స్టీలు చెంచా పట్టుకుని వదిలేది కాదు.

పదకొండింటి దాకా అంతా నేను రాసుకున్నట్టే జరిగింది. ఇంటావిడ పిల్లలకు పాలు తాగించింది, పాటలు పాడింది. నేను మూల కుర్చీలో కూర్చుని సంబరంగా రిపోర్టు రాసుకుంటున్నాను. అప్పుడే కూరగాయలబండి వస్తే ఆమె జాలీ తలుపు తీసి రెండు నిమిషాలు గుమ్మంలో నిలబడి కొత్తిమీర తీసుకుంది. నేను తలెత్తి పిల్లలను లెక్కపెట్టాను. ముగ్గురున్నారు.

మళ్ళీ లెక్కపెట్టాను. ముగ్గురే.

"చిన్నదేదమ్మా?" అన్నాను.

అదే సమయానికి లోపలి గదిలోంచి చప్పుడు మొదలైంది. స్టీలు గ్లాసుతో మంచం పట్టీని కొడుతున్న చప్పుడు, ఠంగు ఠంగుమని. ఆయనకు ఏదైనా కావాలంటే అలా కొడతాడట. ఆమె అటు తిరగకుండానే "వస్తున్న, జర ఆగుండ్రి!" అని కేకేసి నా ముఖంలోకి చూసింది. తర్వాత తెరిచి ఉన్న జాలీ తలుపు వైపు చూసింది. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. పాప బయటికి వెళ్ళిపోయింది.

నేను పరిగెత్తాను. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు. బ్లాకు ముందు పార్కు, పార్కు దాటితే రోడ్డు, రోడ్డు మీద బస్సులు, ఆటోలు. ఆగి ఉన్న ప్రతి కారు కిందకూ వంగి చూశాను. పసుపురంగు ఏది కనబడినా అటు పరిగెత్తాను. ఒక చోట పసుపు కవరు, ఒక చోట ఎవరో ఆరేసిన తువ్వాలు. కూరగాయల భయ్యాని అడిగితే "బచ్చీ? నహీ దేఖీ జీ" అన్నాడు. రోడ్డు అంచుకొచ్చి నిలబడ్డాను. బస్సు ఒకటి బ్రేకు వేస్తే చక్రాల కిందికి వంగి చూశాను. ఆ రోజు నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. మధ్యలో, చెప్పడానికి సిగ్గేస్తోంది, నా సంతకం కూడా గుర్తొచ్చింది. పిల్ల కనబడకుండా పోతే ఆ కాగితం మీద ఉన్నది నా పేరే కదా అనుకున్నాను. భయం మనిషిని ఎంత నీచానికి దించుతుందో అప్పుడు తెలిసింది.

ఇంట్లోకి తిరిగొచ్చేసరికి ఆమె మిగతా ముగ్గురినీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. లోపల గ్లాసు చప్పుడు ఆగలేదు. ఇందాకటి కంటే గట్టిగా, ఇందాకటి కంటే తొందరగా కొడుతున్నాడు. నేను మొదటిసారి ఆ తెర తీశాను.

ఆయన మంచం మీద సగం పక్కకు జారిపోయి ఉన్నాడు. ముఖమంతా చెమట. నోట్లోంచి ఏదో శబ్దం వస్తోంది, మాట కావడం లేదు. నన్ను చూడగానే గ్లాసు వదిలేసి ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. గది చివర మూసి ఉన్న చెక్కతలుపు. బాత్రూమ్.

తోశాను. లోపల గడియ వేసి ఉంది.

ఆ గడియ సంగతి తర్వాత తెలిసింది. జబ్బు చేసిన కొత్తల్లో ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని తనంతట తానే బాత్రూముకు వెళ్ళేవాడట. కుర్చీలోంచి అందాలని గడియను బాగా కిందికి పెట్టించారు. రెండున్నరేళ్ళ పిల్లకు సరిగ్గా అందే ఎత్తు. కుర్చీ కూడా ఎక్కలేని స్థితికి వచ్చాక దాని సంగతి అందరూ మర్చిపోయారు, ఆయన తప్ప. పాప తన మంచం పక్కనుంచి మువ్వల చప్పుడుతో నడిచి వెళ్ళడం ఆయన చూశాడు. ఆ గడియ జారిన చప్పుడు విన్నాడు. ఆ క్షణం నుంచీ గ్లాసుతో కొడుతూనే ఉన్నాడు. మేం వీధులు వెతుకుతున్నాం.

"తల్లీ, గడియ తియ్యమ్మా" అన్నాను తలుపుకు నోరు ఆనించి. లోపల నీళ్ళు తపతపమన్నాయి. మువ్వలు ఒకసారి మోగాయి. తర్వాత ఏమీ లేదు.

ఆ నిశ్శబ్దం గురించి నాకు రాయడం రాదు. అది రెండు క్షణాలో, పదో. పెద్ద డ్రమ్ము ఉంది, నిండ నింపి పెడత అన్న మాటలు మాత్రం నా చెవిలో మళ్ళీ మళ్ళీ వినిపించాయి. అనుకూలం అని రాశాను దాన్ని. నా చేత్తో, మొదటి వరుసలో.

ఆమె నన్ను పక్కకు తోసేసింది. వంటింట్లోంచి రోటి పొత్రం ఎత్తుకొచ్చింది. మామూలప్పుడు రెండు చేతులతో దొర్లించేదట, అప్పుడు ఒక్క చేత్తో ఎత్తింది. ఏళ్ళ తరబడి నీళ్ళు తగిలి తలుపు అడుగుచెక్క చివికిపోయి ఉంది. మూడో దెబ్బకు పగిలింది. చెక్కలు గీరుకుంటున్నా చెయ్యి లోపలికి పెట్టి గడియ లాగేసింది.

పాప బట్టలుతికే స్టూలు ఎక్కి, నీలం డ్రమ్ము అంచు మీద పొట్ట ఆనించి, తల లోపలికి వేలాడదీసి ఉంది. కాళ్ళు స్టూలు మీద లేవు, గాల్లో ఉన్నాయి. ఆమె ఒక్క అంగలో వెళ్ళి నడుము పట్టి వెనక్కి లాగింది.

జుట్టు కొసలు తడిశాయి. చేతులు భుజాల దాకా తడిశాయి. పాప మా ఇద్దరి ముఖాలూ చూసి, "చమ్మచ్ గిర్ గయా" అంది. చెంచా పడిపోయిందట. తొంగి చూస్తే డ్రమ్ము అడుగున మెరుస్తోంది.

ఆమె నేలమీద కూలబడి, పాపను గుండెకు కరుచుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. లోపలి మంచం మీద ఆయనా ఏడుస్తున్నాడు, ఎడమచేత్తో ముఖం కప్పుకుని.

ఇక్కడితో ఆపేస్తే నాకు మర్యాదగా ఉండేది. కానీ తర్వాత నేనన్న మాట కూడా చెప్పాలి. ఒంటిగంటకు ఇంకా టైముంది. "గౌను మార్చేద్దాం. ఎండలో ఆరేస్తే ఆరిపోతుంది" అన్నాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆమె చేతి మీద రక్తం కారుతోంది.

"ఆరుతది మేడమ్" అంది నెమ్మదిగా. "గని రేపు ఇంకో తల్లి గిట్లనే నమ్మి ఇడిసిపెట్టి పోతది గదా?"

ఈ పని పోతే ఇంకో దారి లేదన్న మనిషి అన్న మాట అది. జీతం, పెన్షను అన్నీ భద్రంగా ఉన్న నాకు రాని మాట.

విజయవాడ అమ్మాయి రాగానే ఆమే చెప్పింది. ఒక్కటీ దాచలేదు, పగిలిన తలుపు చూపించింది, డ్రమ్ము చూపించింది. ఆ అమ్మాయి అరవలేదు. పాపను ఎత్తుకుని, తడి జుట్టు మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకుంది. చివరికి నా వైపు తిరిగింది. "ఇల్లంతా చూశానని మీరు సంతకం పెట్టారు కదండీ. మా క్వార్టర్ల వాట్సాప్ గ్రూపులో ఆ పేపర్ ఫోటో చూసే నేను పాపని వదిలాను. ఈ ఆంటీని చూసి కాదు."

 

సోమవారం జరిగింది జరిగినట్టు రిపోర్టు రాసి మా సీనియర్ ముందు పెట్టాను. ఆయన మొత్తం చదివి కళ్ళజోడు తీశాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "మేడమ్‌జీ, ముఝే షుగర్ నహీ హై" అన్నాడు, తనకు షుగర్ లేదని.

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. లోపలి గదులు చూపించమంటే ఏ ఇల్లాలికైనా కష్టంగా ఉంటుంది. అర్జెంటుగా బాత్రూమ్ అంటే ఎవరూ కాదనలేరు. ఇల్లంతా దాటుకుంటూ వెళ్ళొచ్చు, గడియలు చూడొచ్చు, నీళ్ళెక్కడ పెడతారో చూడొచ్చు. ఎవరి మనసూ నొప్పించకుండా ఆయన అన్నేళ్ళూ చేసింది అదే. అందుకోసం మా అందరి వేళాకోళం భరించాడు. మొహమాటానికి ఆయన కనిపెట్టిన మందు అది. నేను దాన్ని రోగమనుకున్నాను.

నాకు మెమో వచ్చింది, సంవత్సరం పాటు బయటి పరిశీలనలు ఆపేశారు. అది శిక్ష అనుకోలేదు. నిజం చెప్పాలంటే ఊపిరి పీల్చుకున్నాను. ఏ ఇంటి గుమ్మం చూసినా నాకు మువ్వల చప్పుడు ఆగిపోయినట్టే ఉండేది.

ఆమె మాత్రం వదల్లేదు. మూడు నెలల తర్వాత కొత్త ఫారంతో ఆఫీసుకొచ్చింది. "ఈసారి గూడ మీరే రావాలె మేడమ్" అంది. నాకు అనుమతి లేదన్నాను. సీనియర్ తన బాధ్యత మీద నన్నూ వెంట తీసుకెళ్ళాడు.

గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆయన నోరు తెరవబోయాడు. ఆయనకంటే ముందు నేనే అడిగాను. "బాత్రూమ్ ఎక్కడమ్మా?"

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, నవ్వకుండా దారి చూపించింది. లోపలి తలుపులకు ఒక్క గడియ కూడా లేదు, అన్నిటికీ బయటివైపు, నా తల ఎత్తులో కొక్కేలు. డ్రమ్ము లేదు. నీళ్ళన్నీ మూతలు బిగించిన చిన్న క్యాన్లలో వంటింటి గట్టు మీదికి ఎక్కాయి. భర్త మంచం ముందుగదిలోకి వచ్చేసింది, వీధి తలుపూ లోపలి తలుపూ రెండూ కనిపించే చోటికి. పక్కనే స్టీలు గ్లాసు.

"పొద్దంత మేలుకొనే ఉంటడు మేడమ్. నాకంటే ఎక్కువ ఆయనే జూస్తడు" అంది.

ఆయన ఎడమచెయ్యి ఎత్తి నమస్కారం లాంటిది చేశాడు. సీనియర్ ఫారం నా చేతికిచ్చాడు. ప్రతికూలాల గడిలో నేనొకప్పుడు రాసిన మనిషిని ఈసారి అనుకూలాల గడిలో మొదటి వరుసలో రాశాను. ఆ క్వార్టర్ ఖాళీ చేసేదాకా ఆమె దగ్గర పిల్లలు పెరిగారు. పసుపు గౌను పాపను మాత్రం వాళ్ళమ్మ మళ్ళీ పంపలేదు. పంపకపోవడమే న్యాయం.

ఈమధ్య వసంత్ కుంజ్‌లో ఒకమ్మాయి తన ఇంట్లో వ్యాపారం గురించి సలహా కావాలంటే మా కోడలితో కలిసి వెళ్ళాను. ఆ అమ్మాయి కాఫీ తెచ్చేలోపే బాత్రూమ్ ఎక్కడని అడిగాను. లోపలికి వెళ్ళి, గడియ ఎంత ఎత్తులో ఉందో చూసి, బకెట్‌లోని నీళ్ళు ఒలకబోసి, గుండెదడ తగ్గేదాకా అక్కడే నిలబడి వచ్చాను. తిరుగుదారిలో మా కోడలు మెల్లగా అంది, ఎవరింటికి వెళ్ళినా ఇదే వరస అత్తయ్యా, ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి అని.

చేయించుకున్నాను. షుగర్ లేదు.